మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో కడప, ఒంటిమిట్ట: మెట్ల లెక్క, ఖర్చుల లెక్క

"లిఫ్ట్ ఉంది సార్, 24 గంటల చెకౌట్" అని ఫోన్లో చెప్పినారు. ఆ మాట నమ్మి కడప బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో ఏసీ రూము 1,500 రూపాయలకు మాట్లాడుకున్నాం. తెల్లవారి 6 గంటలకు రైలు దిగి, ఆటోకు 80 ఇచ్చి అక్కడికి పోతే లిఫ్ట్ ఉన్న మాట నిజమే. కానీ దాని దగ్గరికి చేరాలంటే ముందు 7 మెట్లెక్కాలి. ఒక్కోటి జానెడు ఎత్తు, పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు. పెద్దమ్మకు 68 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగినాయి. మూడో మెట్టు మీద ఆగి గోడ పట్టుకుని, "ఈ లిఫ్ట్ ఎవరి కోసం పెట్టినారు నాయనా?" అంది. ఆ పూటంతా ఇంక ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఇట్లాంటి కట్టడాలు చాలా ఊర్లలో ఉన్నాయి. బండ్లు పెట్టుకోడానికి కింద సగం లోతు సెల్లారు తవ్వుతారు. దాంతో రిసెప్షన్ రోడ్డు మట్టానికి నాలుగైదు అడుగులు పైకి లేస్తుంది. లిఫ్ట్ సెల్లారు నుంచే మొదలవ్వాలంటే అక్కడ ఇంకో ఐదడుగుల గుంత తవ్వాలి, వానకు అందులో నీళ్లు చేరకుండా చూసుకోవాలి. ఆ ఖర్చు మిగుల్చుకుని లిఫ్టును రిసెప్షన్ నుంచి మొదలుపెడతారు. తర్వాత ర్యాంపు వేద్దామన్నా కుదరదు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉంటేనే చక్రాల కుర్చీ సాగుతుంది. ఇక్కడ నాలుగున్నర అడుగుల ఎత్తుకు 54 అడుగులు కావాలి, లాడ్జి ముందున్న జాగా పదడుగులు.

24 గంటల మాట డబ్బు కట్టేటప్పుడు తేలింది. మధ్యాహ్నం 12కే ఖాళీ చెయ్యాలంట, పొద్దున్నే దిగినందుకు ఇంకో 500 కట్టాలంట. మొత్తం 2,000. పెద్దమ్మను మళ్లీ ఆ మెట్లు దింపలేక కట్టినాం. రూము మాట్లాడేటప్పుడు వాట్సాప్‌లో రెండు ప్రశ్నలు పంపండి: రోడ్డు నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయి, పొద్దున 6కు దిగితే ఎన్ని గంటలకు ఖాళీ చెయ్యాలి. జవాబు రాతలో రాకపోతే ఆ లాడ్జి వదిలెయ్యండి. లిఫ్ట్ ఉందా అని మాత్రం అడగొద్దు, అందరూ ఉందనే అంటారు.

దేవుని కడప వెంకన్న గుడికి ఆటో రానూపోనూ, ఆగినందుకు కలిపి 300. తిరుమలకు తొలి గడప అంటారు, గడప అన్న మాటే కడప అయిందని కూడా చెబుతారు. దర్శనం తొందరగానే అయింది.

కోదండరాముడి గుడి ఉన్న ఒంటిమిట్ట కడప నుంచి 25 కిలోమీటర్లు. ఆటో 1,200 అడిగినారు, అంత అవసరం లేదు. రాజంపేట వైపు పోయే పల్లెవెలుగు గానీ ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కండి. 2025 ఆగస్టు 15 నుంచి ఈ బస్సుల్లో మన ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్టు ఇస్తాడు, దిగేదాకా దాన్ని దాచుకోవాలి. సూపర్ లగ్జరీకి ఇది వర్తించదు. 60 దాటిన మగవాళ్లకు వయసు కార్డు చూపిస్తే పావు వంతు రాయితీ ఉంది, చాలామంది అడగరు.

బస్సు దొరకడం కష్టం కాదు. ఎక్కడమే కష్టం. మన బస్టాండ్లలో ఎక్కువ చోట్ల బస్సును ముక్కు ప్లాట్‌ఫారానికి ఆనేట్టు నిలుపుతారు. తక్కువ జాగాలో ఎక్కువ బస్సులు పడతాయని అట్లా చేస్తారు. కానీ తలుపు ఉండేది ఎడమ పక్కన, అంటే రెండు బస్సుల మధ్య సందులోకి. ప్లాట్‌ఫారం కట్టిన ఎత్తు ఎవరికీ అక్కరకు రాదు. దాని మీది నుంచి కిందికి దిగి, మళ్లీ నేల మీది నుంచి మొదటి మెట్టెక్కాలి. ఇంట్లో మెట్టు ఆరేడంగుళాలుంటే, బస్సు మొదటి మెట్టు అడుగు పైనే ఉంటుంది. పక్క బస్సు వెనక్కి తీస్తుంటే ఆ సందులో నిలబడడం ఇంకా భయం. బస్సు ప్లాట్‌ఫారం పొడవునా ఆనుకుని ఆగితే ఈ బాధలో సగం ఉండదు.

మేం చేసింది చెబుతా. స్నానాలగదిలో వాడే ప్లాస్టిక్ పీట ఒకటి బజార్లో 120కి కొన్నాం. ఎత్తు 8 అంగుళాలు, పైన గరుకుగా ఉంటుంది, కాళ్లు వెడల్పు. బస్సు పూర్తిగా ఆగినాక మెట్టు కింద పెడితే ఒక పెద్ద మెట్టు రెండు చిన్న మెట్లవుతుంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఎక్కినాక పీట తీసే మనిషి వెనకే ఉండాలి, లేకపోతే అది చక్రం కిందికే పోతుంది. కండక్టర్‌కు ముందే చెప్పినాం, మనిషి కూర్చునేదాకా విజిల్ వెయ్యలేదు. పెద్దమ్మ ముఖంలో పొద్దుటి కోపం అక్కడ కొంచెం తగ్గింది.

ఒంటిమిట్టలో కోదండరాముడి గుడికి పొద్దున 10 లోపల చేరాలి. ఎండెక్కితే ప్రాకారంలో బండలు కాలుతాయి, చెప్పులుండవు, మోకాళ్లు బాగాలేనివాళ్లు గబగబా నడవలేరు. రాతి మెట్ల దగ్గర ఒక మనిషి చెయ్యి పట్టుకోవాలి. లోపల 32 స్తంభాల మంటపం. ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే 1652లో చూసి మెచ్చుకున్న గుడి ఇది. స్తంభానికి వీపు ఆనించి ఆ నీడలో అరగంట కూర్చుంటే పెద్దమ్మకు నడుం తేలికైంది. ఇప్పటి బస్సు షెల్టర్లలో వేసే స్టీలు గొట్టాల కుర్చీలకు చేతులుండవు, ముందుకు వాలుతుంటాయి. ముసలివాళ్లు లేవాలంటే అరచేతులతో నొక్కి లేవాలి, ఆ ఆధారమే అక్కడ లేదు. సీటు ఒకటిన్నర అడుగుల ఎత్తులో ఉండి పక్కన చెయ్యి ఆనించే కమ్మీ ఉంటే చాలు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు రోడ్డు మధ్యలో ఆగింది. దాన్ని తప్పు పట్టలేం, ఓరనంతా ఆటోలే. కడపలో ఏడు రోడ్ల కూడలిలో కూడా ఇదే ఇబ్బంది. పెద్దవాళ్లతో అక్కడ రోడ్డు దాటొద్దు, ఏదో ఒక రోడ్డులో వంద గజాలు లోపలికి పోయి ఆటో ఎక్కండి.

సాయంత్రం కారం దోశ. మామూలు బండి కొట్టు, నిలబడి తినే ఎత్తు బల్లలు, 50 రూపాయలు. ఎండుమిరప, ఉల్లి, తెల్లగడ్డ నూరిన ఎర్రకారం దోశ మీద పలుచగా పూసి, పైన పప్పుల పొడి చల్లి, అంచులు కరకరలాడేదాకా కాల్చినాడు. పక్కన బొంబాయి చట్నీ. పెద్దమ్మ బల్ల పట్టుకుని నిలబడ్డం చూసి, అడగకుండానే ఆయన తన కుర్చీ తెచ్చి వేసి, ప్లేటు పెట్టుకోడానికి నీళ్ల డ్రమ్ము మీద చెక్క మూత ఇటు జరిపినాడు. రెండో దోశ ఆమే అడిగింది.