సినిమా విద్యార్థి చేతిలో 50 ఎంఎం లెన్సు: చాలాకాలం వాడాక రాస్తున్న సమీక్ష

వీడియో నిర్మాణం, సినిమా సిద్ధాంతం రెండూ కలిపి చదివే కోర్సులో చేరిన కొత్తలో కొన్న 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సును చివరి ప్రాజెక్టు పూర్తయ్యేదాకా వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఎంఎం అంకె పెరిగేకొద్దీ లెన్సు చూపు ఇరుకవుతుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు పెరిగి స్పష్టంగా ఉండే లోతు తగ్గుతుంది. కెమెరా ఏపీఎస్-సి సెన్సరు (ఫొటో ఫిల్ము ఫ్రేము కంటే చిన్నది) ఉన్న మామూలు మిర్రర్‌లెస్. లెన్సు కంపెనీ పేరు చెప్పడం లేదు. చాలా కెమెరా కంపెనీలు ఇలాంటి చవక లెన్సును అమ్ముతున్నాయి, వాటి గుణదోషాలు కూడా చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. హైదరాబాదులో ఏ సీనియర్‌ను అడిగినా, ఏ దుకాణంలో అడిగినా వచ్చే మొదటి సలహా ‘ముందు ఫిఫ్టీ కొనుక్కో’ అనే. ఫొటోలు తీసేవారికి ఆ సలహా సరైనదే. వీడియో తీసేవారికి సగమే సరిపోతుంది. ఇక సిద్ధాంతం కూడా చదివేవారు ఈ లెన్సు తటస్థంగా ఉండదని, ఒక పక్షం వహిస్తుందని తెలిసే కొనుక్కోవాలి.

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించాలి. ఏపీఎస్-సి కెమెరాకు తగిలిస్తే 50 ఎంఎం లెన్సు ‘75 అయిపోతుంది’, అంటే 75 ఎంఎం లెన్సంత ఇరుకుగా చూస్తుంది అని అందరూ అంటారు. ఫొటోగ్రఫీ కొలమానంలో ఆ మాట నిజమే. ఫొటో కెమెరాలో 35 ఎంఎం ఫిల్ము అడ్డంగా నడుస్తుంది కాబట్టి ఫ్రేము 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. సినిమా కెమెరాలో అదే ఫిల్ము నిలువుగా నడుస్తుంది, కాబట్టి ఫ్రేము వెడల్పు ఫిల్ము అడ్డుకొలతకే పరిమితమై, సౌండు ట్రాకుకు చోటు వదిలే పాత అకాడమీ ఫ్రేములో సుమారు 22, ఆ చోటునూ వాడుకునే సూపర్ 35 ఫ్రేములో సుమారు 25 మిల్లీమీటర్లు వస్తుంది. ఏపీఎస్-సి సెన్సరు వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు. అంటే జపాను దర్శకుడు యసుజిరో ఓజు దాదాపు ప్రతి షాటుకూ వాడిన 50 ఎంఎం ఎంత మేర చూసేదో, మన కెమెరా మీద ఈ లెన్సు కూడా ఇంచుమించు అంతే చూస్తుంది. సినిమా చదివేవారు ఆ 75 లెక్కను పక్కన పెట్టేయవచ్చు. అయితే కొన్ని కెమెరాలు 4కె తీసేటప్పుడు సెన్సరు మధ్య భాగాన్నే వాడుకుంటాయి, అప్పుడు చూపు ఇంకా ఇరుకవుతుంది. కొనేముందు ఆ సంగతి చూసుకోవాలి.

ఈ ఇరుకు ఎంతో అంకెల్లో చెప్పడమే మేలు. మనిషికి రెండు మీటర్ల దూరంలో నిలబడితే ఫ్రేములో పట్టేది సుమారు 94 సెంటీమీటర్ల వెడల్పు, 53 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. అంటే తల నుంచి ఛాతీ వరకు. నిలబడిన మనిషి పాదాల నుంచి తల వరకు కాస్త ఖాళీతో కనబడాలంటే దాదాపు ఏడు మీటర్లు వెనక్కి జరగాలి. పదడుగుల గదిలో గోడకు ఆనుకుని నిలుచున్నా నడుము దిగువకు పోవడం కష్టం. మన ఇళ్ళలో, హాస్టళ్ళలో, చిన్న కార్ఖానాల్లో షూట్ చేసే విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. ఓజు ఇళ్ళు చాలావరకు స్టూడియో సెట్లు, కెమెరాకు అడ్డొచ్చిన గోడను అక్కడ తీయించవచ్చు. అద్దె ఇంటి గోడను తీయించలేం కదా.

ఈ లెన్సు బలం, దాని పక్షపాతం రెండూ నాకు స్పష్టంగా తెలిసింది భూదాన్ పోచంపల్లిలో, గుంట మగ్గం మీద తీసిన చిన్న డాక్యుమెంటరీతో. నేతకారుడు గుంట అంచున కూర్చుని కాళ్ళు గుంటలోకి వదులుతాడు కాబట్టి ఆయన కళ్ళు నేలకు చాలా దగ్గరగా ఉంటాయి. కెమెరాను చిన్న ట్రైపాడ్ మీద ఆ ఎత్తుకే దించాను. ఎఫ్ 2.8 దగ్గర, కిటికీ వెలుతురులో, ఒక చేయి తాడు లాగితే నాడె (అడ్డపోగును మోసుకెళ్ళే సాధనం) ఇటు నుంచి అటు దూసుకుపోవడం, రెండో చేయి పలకను ముందుకు గుంజి పోగును బిగించడం, ఆ వెంటనే రంగు అంచులు కలిసేలా పేక పోగును, అంటే ఆ అడ్డపోగును, వేలికొనతో వెంట్రుకవాసి జరపడం, ఇవన్నీ ఆ ధరకు నమ్మలేనంత చక్కగా వచ్చాయి. చర్మం మీద ముడతలు, పోగు మీద నూగు కూడా విడివిడిగా కనిపించాయి. అసలు సమస్య ఎడిటింగ్ బల్ల దగ్గర బయటపడింది. చీర వెడల్పే సుమారు 1.2 మీటర్లు ఉంటుంది, మగ్గం చట్రం అంతకంటే వెడల్పు. ఆ గదిలో రెండున్నర మీటర్లకు మించి వెనక్కి జరిగే వీలు లేకపోవడంతో మనిషి, మగ్గం, గుంటలో కాళ్ళు కలిసి ఉన్న షాటు ఒక్కటీ దొరకలేదు. చేయి ఒక షాటు, పాదం ఒక షాటు, ముఖం ఒక షాటు. వాటిని అతికిస్తే నేత ‘జరుగుతున్నట్టు’ అనిపించింది, కానీ జరుగుతుండగా కనిపించలేదు.

తరగతి గదిలో పొడిగా చదివిన వాదం ఇక్కడ పనికొచ్చింది. ఒకే ముఖాన్ని వేర్వేరు వస్తువుల పక్కన అతికిస్తే ప్రేక్షకుడు ఆ ముఖంలోనే వేర్వేరు భావాలు చూస్తాడని సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ప్రయోగం చెబుతుంది. అంటే అర్థం అతుకులో పుడుతుంది. ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రె బాజిన్ దీనికి ఒక హద్దు గీశాడు. ఒక సంఘటన సారమంతా రెండు మూడు అంశాలు ఒకేసారి ఒకేచోట ఉండటంలోనే ఉంటే, అక్కడ కత్తిరించి అతకడం నిషిద్ధమని ఆయన వాదన. నేత సరిగ్గా అలాంటి పని. పాదం తొక్కడం, నాడె పరుగు, వేలి సర్దుబాటు ఒకే శరీరంలో ఒకే లయలో సాగడమే దాని సారం. నా లెన్సు నన్ను అడగకుండానే కులెషోవ్ వైపు నడిపించింది. ముక్కలుగా చూడటానికి దానిలో ఎంత సౌకర్యం ఉందో, మొత్తంగా చూడటానికి అంత ప్రతిఘటన ఉంది.

బాజిన్ మెచ్చుకున్న మరో సంగతి, దగ్గరా దూరమూ రెండూ స్పష్టంగా ఉంటూ ఎటు చూడాలో ప్రేక్షకుడికే వదిలే డీప్ ఫోకస్. ఆ విషయంలోనూ ఇదే తంతు. ఎఫ్ 8 దగ్గర కూడా ఈ లెన్సుతో అనంతం వరకు స్పష్టత కావాలంటే దాదాపు 15 మీటర్ల దూరానికి ఫోకస్ పెట్టాలి, అప్పుడు ఎనిమిది మీటర్లకంటే దగ్గరున్నవన్నీ మసకబారుతాయి. అదే కెమెరా మీద 24 ఎంఎం లెన్సుకు మూడున్నర మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే చాలు, రెండు మీటర్ల లోపు నుంచే అంతా స్పష్టంగా ఉంటుంది. విద్యార్థుల లఘుచిత్రాల్లో ప్రతి ముఖం వెనకా మసకబారిన వెలుతురు బొట్లే ఎందుకుంటాయో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. అది ఎవరి శైలీ కాదు, చవక లెన్సుతో ఉచితంగా వచ్చిన శైలి.

బొమ్మ నాణ్యత గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఎఫ్ 1.8 దగ్గర అంచులు మెత్తగా ఉంటాయి, వెలుతురుకు ఎదురుగా ఉన్న కొమ్మల చుట్టూ ఊదారంగు చార వస్తుంది. ఎఫ్ 2.8 నుంచి 4 వరకు ఉత్తమం. 24 మెగాపిక్సెళ్ళ ఫొటోలో కనిపించే లోపాలు సుమారు 8 మెగాపిక్సెళ్ళ 4కె ఫ్రేములో చాలావరకు కనిపించవు. ట్యూబులైట్ల కింద షట్టరును 1/50 సెకను దగ్గర ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 పెడితే ఫ్రేములో చారలు పాకే ప్రమాదం ఉంది. ఎండలో ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 100, షట్టరు 1/50తో ఎఫ్ 2.8 వాడాలంటే ఆరు స్టాపుల వెలుతురు తగ్గించాలి (ఒక్కో స్టాపుకూ వెలుతురు సగమవుతుంది), అంటే వెలుతురును 64వ వంతుకు దించే నల్లటి అద్దం, ఎన్‌డీ 64 ఫిల్టరు కావాలి. తిప్పే రకం చవక ఫిల్టర్లు వైడ్ లెన్సుల మీద ఫ్రేముకు అడ్డంగా నల్లని ఇంటూ గుర్తు వేస్తాయి, ఈ లెన్సు మీద ఆ బెడద తక్కువ.

అన్నిటికంటే విసిగించేది ఫోకస్ రింగు. దాన్ని తిప్పితే లోపలి అద్దాలు నేరుగా కదలవు, రింగు మోటారుకు సంకేతం మాత్రమే పంపుతుంది. ఎంత తిప్పామన్నదే కాదు, ఎంత వేగంగా తిప్పామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అందువల్ల రింగు మీద టేపు అంటించి గుర్తులు పెట్టుకున్నా రెండో టేకుకు ఆ గుర్తు పనిచేయదు. రెండు మీటర్ల దగ్గర ఎఫ్ 1.8లో స్పష్టంగా ఉండే లోతు సుమారు 11 సెంటీమీటర్లే, మాట్లాడుతూ కాస్త ముందుకు వంగిన నటుడు చాలు, కళ్ళు మసకబారుతాయి. నేను చివరికి రెండు పద్ధతులకు అలవాటు పడ్డాను. ఒకటి, ఎఫ్ 5.6కు దిగి ఆ లోతును 35 సెంటీమీటర్ల దాకా పెంచుకోవడం. రెండోది, నటులను కెమెరాకు ఎదురుగా కాక దాని చుట్టూ వంపుగా నడిపించి దూరం మారకుండా చూసుకోవడం. రెండో పద్ధతి వల్ల కదలికలను ముందే గీసుకునే అలవాటు కూడా వచ్చింది.

ఆటోఫోకస్ మోటారు గరగర కెమెరా మైకులో పడుతుంది కాబట్టి ధ్వనిని విడిగా రికార్డు చేయాల్సిందే. లెన్సులో కుదుపును సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, నడుస్తూ తీసే షాట్లకు ఇది పనికిరాదు. బాడీ ప్లాస్టిక్కే అయినా వానకూ దుమ్ముకూ భయపడి వాడితే చాలాకాలం మన్నుతుంది.

ఇంటర్వ్యూలు, సంభాషణలు, చేతిపనుల క్లోజప్‌లు తీసేవారు నిశ్చింతగా కొనవచ్చు. ఇళ్ళలో, కార్ఖానాల్లో మనుషులను వారి పరిసరాలతో కలిపి చూపాలనుకునేవారు మాత్రం మొదట కెమెరాతో వచ్చే, 18 నుంచి 55 ఎంఎం వరకు మార్చుకోగలిగే 18-55 కిట్ లెన్సునే వాడాలి. దాన్ని చిన్నచూపు చూడటం మన క్యాంపస్‌లలో ఒక ఫ్యాషను, కానీ దాని 18 ఎంఎం కొసలో రెండున్నర మీటర్ల దూరం నుంచే మూడు మీటర్లకు పైగా వెడల్పు పడుతుంది. పోచంపల్లికి మళ్ళీ వెళ్ళినప్పుడు మగ్గం మొత్తాన్ని ఆ కొసతోనే, కత్తిరించకుండా తీశాను, ఫిఫ్టీని వేలికొనల కోసమే సంచిలోంచి తీశాను. కొనేవారు బడ్జెట్టులో ఎన్‌డీ 64, లెన్స్ హుడ్, ఒక చవక కాలర్ మైకు ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి.