ఓడ పొట్టను సాపు చేసే పనిముట్లు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

చెక్కతో ఓడ నమూనాలు చేసేవారు పనిముట్ల మీద పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం పలకలు వంచే సాధనాలకూ, సన్నని డ్రిల్లులకూ, తెరచాపల తాళ్లకూ పోతుంది. పలకలు పరచడానికి ముందు ఓడ అస్థిపంజరాన్ని సాపు చేసే పనికి మాత్రం ఇంట్లో పడి ఉన్న శాండ్‌పేపర్ ముక్క చాలునని అనుకుంటారు. ఓడ వంపు తిన్నగా వస్తుందా రాదా అన్నది నా లెక్క ప్రకారం ఈ దశలోనే తేలిపోతుంది కనుక, ఈ పనికి నేను చాలాకాలంగా వాడుతున్న సాధనాల్లో ఏది అక్కరకు వచ్చిందో, ఏది సొరుగులోకి వెళ్లిపోయిందో ఇక్కడ వివరిస్తున్నాను.

వీటిని నేను ఎక్కువగా వాడింది కెప్టెన్ కుక్ ప్రయాణించిన ఎండెవర్ ఓడ నమూనా మీద. 1764లో ఇంగ్లండులోని విట్బీలో బొగ్గు రవాణా కోసం కట్టిన ఓడ అది. అడుగు చదునుగా, ముక్కు బొద్దుగా ఉంటుంది. దాదాపు 30 మీటర్ల ఆ ఓడ 1:60 కొలతలో అర మీటరుకు దిగుతుంది కాబట్టి, నమూనా మీద ఒక మిల్లీమీటరు తేడా అంటే అసలు ఓడ మీద 6 సెంటీమీటర్ల ఎగుడుదిగుడన్న మాట. అడుగు చదును కావడం వల్ల మధ్యభాగంలో పని దాదాపు ఉండదు. శ్రమంతా ముక్కు దగ్గరా, చుక్కాని దగ్గరా ఉంటుంది. ఒక సాధనం పనికొస్తుందో లేదో తేలేది ఆ రెండు చోట్లే.

పని స్వభావం తెలియని వారి కోసం రెండు మాటలు చెబుతాను. ఇలాంటి నమూనాల కిట్లలో ప్లైవుడ్ వెన్నుపట్టె ఒకటి పొడుగునా ఉంటుంది, దాని గాడుల్లోకి బల్క్‌హెడ్లు, అంటే ఓడ అడ్డకోత ఆకారంలో ఉన్న ప్లైవుడ్ ముక్కలు, అడ్డంగా దిగుతాయి. యంత్రం వాటి అంచులను నిటారుగా కోస్తుంది, ఓడ పొట్ట మాత్రం ముందుకూ వెనక్కూ సన్నబడుతూ పోతుంది. అందుచేత సాపు చేయకుండా పలక వేస్తే అది బల్క్‌హెడ్ అంచున ఒక మూలను మాత్రమే తాకుతుంది, జిగురు పట్టదు, వంపు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అంచు పూర్తి వెడల్పునా పలకకు ఆనేలా ఏటవాలుగా అరగదీయడమే ఇక్కడి పని. పెద్ద ఓడలు కట్టిన వడ్రంగులు ఇదే పనిని బాడిసెతో చేసేవారు.

లేజరుతో కోసిన కిట్ అయితే బల్క్‌హెడ్ అంచులు కాలి నల్లబడి ఉంటాయి. ఆ మసిని ముందే గీకి పారేయవద్దని నా సలహా, ఎందుకంటే అంతకన్నా మంచి గుర్తు మరొకటి లేదు. ఓడ మధ్య నుంచి ముక్కు వైపు నిలబడిన బల్క్‌హెడ్లలో నక్షా కొలత వెనుక అంచుది. అరగాల్సింది ముందు అంచు. రుద్దుతున్న కొద్దీ ముందు వైపు నుంచి నలుపు పోయి లేత చెక్క బయటపడుతుంది, వెనుక అంచున వెంట్రుకంత నల్లగీత మిగిలిన చోట చెయ్యి ఆపాలి. చుక్కాని వైపు సగంలో ఇది తిరగబడుతుంది. లేజరు మసి లేని కిట్లకు నేను అంచంతా మార్కరుతో నల్లగా పూసి మొదలుపెడతాను.

ఇక సాధనాల సంగతి. అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది, అన్నిటికన్నా తక్కువ ఖర్చైనది, నేనే చేసుకున్న పొడవాటి పట్టీ. 20 సెంటీమీటర్ల పొడవు, రెండు వేళ్ల వెడల్పున్న ప్లైవుడ్ ముక్కకు, గుడ్డ మీద అంటించిన ఎమరీని రబ్బరు జిగురుతో అతికిస్తే అదే పట్టీ. ఇందులో నా దగ్గర రెండు రకాలున్నాయి. 3 మిల్లీమీటర్ల మందంది వంగదు, దానికి 80 నంబరు ఎమరీ వేసి మధ్యభాగానికి వాడతాను, 1.5 మిల్లీమీటర్లది బొటనవేలి ఒత్తిడికి కొద్దిగా వంగుతుంది, దానికి 120 వేసి ముక్కు దగ్గర వాడతాను. పట్టీ ఎప్పుడూ కనీసం మూడు బల్క్‌హెడ్ల మీద ఒకేసారి ఆనాలి. అప్పుడే ఎత్తుగా ఉన్నది ముందు అరుగుతుంది, పల్లంగా ఉన్నది తాకకుండా మిగిలిపోతుంది. అరచేతిలో ఇమిడే కార్కు బ్లాకు ఈ పని చేయలేదు; అది ఒక్కో బల్క్‌హెడ్‌ను విడివిడిగా గుండ్రం చేసి, కంటికి నునుపుగా చూపించి, తీరా పలక వేసే వేళకు మోసం చేస్తుంది. అంగడిలో కొన్న అల్యూమినియం కర్ర నాణ్యమైనదే గానీ అసలు వంగదు. డెక్కు వాలును సరిచేయడానికి దాన్ని ఉంచుకున్నాను.

పట్టీతో పాటు మరొకటి కావాలి, అది ఎవరూ విడిగా అమ్మరు. పలకలుగా వాడబోయే లైమ్ (లిండెన్ చెట్టు చెక్క) పట్టీల్లోనే, అంటే 5 మిల్లీమీటర్ల వెడల్పూ 1.5 మిల్లీమీటర్ల మందమూ ఉన్న వాటిలోనే, ముడులు లేని ఒకదాన్ని పరీక్షకు పక్కన పెట్టుకోవాలి. దాన్ని ముక్కు నుంచి వెనుక దాకా చేత్తో ఆనించి, వెనుక దీపం ఉంచి చూస్తే ఎక్కడ వెలుగు సందులోంచి వస్తుందో తెలుస్తుంది. కన్ను పట్టలేని చోట వేలు పడుతుంది: ఆ లైమ్ పట్టీని ఒక్కో బల్క్‌హెడ్ దగ్గర మెల్లగా నొక్కుతూ పోతే, సందు ఉన్న చోట అది కిందికి దిగి టక్కుమని కొట్టుకుంటుంది. అలా పల్లంగా తేలిన బల్క్‌హెడ్ కోసం పక్కవాటిని అరగదీయకూడదు. దాని అంచుకు అర మిల్లీమీటరు వెనీర్ (పలచని చెక్క పొర) అతికించి మళ్లీ ఎమరీ పట్టీ లాగాలి.

ముక్కు దగ్గర బల్క్‌హెడ్ల మధ్య నింపే దిమ్మెల విషయంలో నాది గట్టి అభిప్రాయం. నా కిట్‌తో వచ్చినవి బాల్సా చెక్కవి. చెక్కడం సులువే, కానీ పక్కనున్న ప్లైవుడ్ గట్టిది, బాల్సా మెత్తనిది. రెంటి మీదా ఒకే పట్టీ లాగితే బాల్సా ముందు అరిగి మధ్యలో గుంట పడుతుంది, పైగా పలకల్ని ఆపే గుండుసూదులు అందులో నిలవవు. లైమ్ దిమ్మెలు వేసుకుని, ముందు ఉలితోనూ ఆకురాయితోనూ రూపం తెచ్చి, చివరి అర మిల్లీమీటరును పట్టీకి వదిలితే ఎండెవర్ లాంటి బొద్దు ముక్కు రెండు పక్కలా సమంగా వస్తుంది. సమంగా వచ్చిందో లేదో చూడటానికి అట్టముక్కను ఒక పక్క వంపుకు కత్తిరించి రెండో పక్క ఆనించడం నేను చూసిన ఉపాయాల్లో నమ్మదగినది. మిగతా బల్క్‌హెడ్ల మధ్య కూడా చెక్క ముక్కలు ఇరికించి అతికించడం మంచిది, లేకపోతే పట్టీ లాగుడుకు అవి ఊగుతాయి, పైకి పొడుచుకొచ్చిన వాటి సన్నని కొసలు విరుగుతాయి.

చుక్కాని వైపు అడుగున వెన్నుపట్టెను పలచబరచడం చాలామంది తేలికగా తీసుకునే పని. లెక్క చూడండి. నా కిట్‌లో చుక్కాని కంబం మందం 5 మిల్లీమీటర్లు. రెండు పక్కలా మొదటి వరుస పలకలు 1.5 చొప్పున 3, రెండో వరుస వాల్‌నట్ అర మిల్లీమీటరు చొప్పున 1, మొత్తం 4. అంటే కంబాన్ని తాకే చోట వెన్నుపట్టె ఒక్క మిల్లీమీటరే మిగలాలి. ఇక్కడ పొడవాటి పట్టీ దూరదు. అర్ధచంద్రాకారపు ఆకురాయి, ఆ తర్వాత వేలి వెడల్పు కర్రముక్కకు చుట్టిన 120 నంబరు కాగితం, ఈ రెండే ఉపయోగపడ్డాయి. స్ప్రింగుతో సన్నని బెల్టు బిగించిన ప్లాస్టిక్ కర్ర కూడా దూరుతుంది, అయితే బెల్టు త్వరగా తెగుతుంది.

శాండ్‌పేపర్ డ్రమ్ము బిగించి తిప్పే చేతియంత్రాన్ని మాత్రం ఈ పనికి ఎవరికీ సిఫారసు చేయను. ప్లైవుడ్ పొరల్లో మెత్తని పొర తగలగానే అది లోపలికి దిగిపోతుంది. ఒక్క క్షణంలో పడిన గుంటను పూడ్చడానికి సాయంత్రం పడుతుంది. లోపలి వైపు, కంటికి కనబడని చోట ఎక్కువ చెక్క తీసేయడానికి అయితే సరే.

కాగితాల్లో అల్యూమినియం ఆక్సైడ్ రకమే నిలిచింది. సముద్రతీరపు ఊళ్లలో వానాకాలపు తేమకు మామూలు కాగితం మెత్తబడి గరుకు రాలిపోతుంది, గుడ్డ మీద ఉన్నది అలా కాదు. 120 దాటి వెళ్లాల్సిన అవసరం ఈ దశలో లేదు. నున్నగా మెరిసే అంచు కన్నా కాస్త గరుకు అంచే జిగురును బాగా పట్టుకుంటుంది. పొట్టు నిండి మొద్దుబారిన ఎమరీని పారేయకుండా పాత క్రేప్ చెప్పు అడుగుతో రుద్దితే మళ్లీ కొంతకాలం పనిచేస్తుంది. కాలిన ప్లైవుడ్ దుమ్ములో మసీ జిగురూ రెండూ ఉంటాయి కాబట్టి ఎన్95 మాస్కు తప్పనిసరి, ఫ్యాను కింద కూర్చుని ఈ పని చేయడం తగదు.

కొత్తగా మొదలుపెట్టే వారు కొనాల్సింది ఒక అర్ధచంద్రాకారపు ఆకురాయి, 80, 120 నంబర్ల గుడ్డ ఎమరీ, రబ్బరు జిగురు, మాస్కు. మిగతా డబ్బుతో మంచి లైమ్ చెక్క కొనుక్కోవచ్చు.