బరంపురంలో ఊపిరి బిగబట్టడం నేర్పే క్లాసు: నాలుగు ఆదివారాల తర్వాత

మొదటి ఆదివారం ఎవ్వరం నీళ్ళలో తల పెట్టలేదు. గంటన్నరసేపు కొలను పక్కన చాపల మీదే ఉన్నాం. డబ్బు కట్టి వచ్చాం కదా అని ఇద్దరు గొణిగారు. నాకు మాత్రం ఆ రోజే ఈ కోచ్ మీద నమ్మకం కుదిరింది.

నేను వెళ్ళింది మా మేనల్లుడి కోసం. వాడికి పదహారేళ్ళు, గోపాల్‌పూర్‌లో పుట్టాడు. మాది వేట మీద బతికిన కుటుంబం, ఒడియావాళ్ళు మమ్మల్ని నోళియాలంటారు. నీళ్ళంటే భయం మా ఇంట్లో ఎవరికీ లేదు. నిరుడు వేసవిలో వేరే ఊళ్ళో ఒక ఈతకొలనులో వాడు స్నేహితులతో పందెం వేసుకున్నాడు. దిగేముందు ఇరవైసార్లు గబగబా గాలి పీల్చి వదిలాడట, ఫోన్‌లో ఏదో వీడియో చూసి. అడుగున కదలకుండా ఉంటే మిగతా పిల్లలు ‘దమ్ము బాగా పట్టాడ్రా’ అనుకున్నారు. అప్పటికే వాడికి స్పృహ లేదు. పక్కన ఈదుతున్న ఒక పెద్దాయన చూసి జుట్టు పట్టుకుని పైకి లాగాడు. కాపలా ఉండాల్సిన మనిషి టీకి వెళ్ళాడని తర్వాత తెలిసింది. గట్టు మీద దగ్గి కళ్ళు తెరిచాడు. ఆ రాత్రంతా మా అక్క వాడి ఛాతీ మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఇక నీళ్ళలోకి దిగొద్దు అంటే వినే వయసు కాదు. అందుకే సరిగ్గా నేర్పేవాళ్ళ కోసం వెతికాను.

చాపల మీద కోచ్ చెప్పిన మొదటి మాట నాకు బాగా గుర్తుంది. ఊపిరి ఆపినప్పుడు ‘ఇక పీల్చాలి’ అని లోపల్నుంచి తన్నుకొచ్చేది ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. గబగబా పీల్చి వదిలితే ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. దాంతో ఆ హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. ఈలోగా ఆక్సిజన్ తగ్గిపోయి, ఏ బాధా తెలియకుండానే మనిషి సొమ్మసిల్లుతాడు. ‘నాకేం కష్టం అనిపించలేదు మావయ్యా, హాయిగానే ఉంది’ అని వాడు ఆ రోజు ఎందుకన్నాడో నాకు అప్పుడర్థమైంది. నా ఒళ్ళు జలదరించింది.

రెండో ఆదివారం వేలికి పల్స్ ఆక్సీమీటర్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం, పెట్టారు. వాడు చాప మీద వెల్లకిలా పడుకుని ఊపిరి బిగబట్టాడు. నిమిషం దాటాక పొట్ట పైభాగం వెక్కిళ్ళు వచ్చినట్టు ఎగిరెగిరి పడింది. నంబరు మాత్రం 98 దగ్గరే ఉంది. 1 నిమిషం 40 సెకన్లకు వదిలేశాడు. హమ్మయ్య అనుకుంటుంటే, వాడు రెండు గుక్కల గాలి పీల్చాక నంబరు దిగడం మొదలైంది: 97, 95, 93. తర్వాత మళ్ళీ పైకెక్కింది. ఆక్సిజన్ తగ్గిన రక్తం వేలి దాకా వచ్చేసరికి టైం పడుతుందట. ‘ఈ నంబరు చూసి ధైర్యం తెచ్చుకోకండి, ఇది వెనకబడి చెబుతుంది’ అన్నారు కోచ్. ఈ ఒక్క విషయం కళ్ళతో చూడ్డానికైనా ఆ ఫీజు ఇవ్వొచ్చు.

ఇంటి దగ్గర చేసే సాధన తేలికే. బెస్ట్ టైంలో సగంసేపు, అంటే మావాడికి 50 సెకన్లు, ఎనిమిదిసార్లు బిగబట్టాలి. మధ్యలో విశ్రాంతి రెండు నిమిషాలతో మొదలై ప్రతిసారీ 15 సెకన్లు తగ్గుతుంది. పొడినేల మీదే, తిన్న వెంటనే కాదు, ఇంట్లో మనిషి ఉన్నప్పుడే. బాత్‌టబ్‌లోనూ, బండి నడుపుతూనూ ఎప్పటికీ చేయకూడదు.

మూడో వారం నీళ్ళు. ముఖానికి చల్లటి నీళ్ళు తగలగానే గుండె వేగం తగ్గుతుందని చూపించారు. అక్కణ్ణుంచి అంతా జతలే: ఒకరు మునిగితే ఒకరు పైన. నేను మావాడి భుజం తట్టాలి, వాడు వేలు ఎత్తాలి. ఎత్తకపోతే ఆ క్షణమే పైకి తీయాలి. ముఖం నీళ్ళకు పైన పట్టుకుని, కళ్ళ మీద ఊది, చెంప తట్టి, పేరు పెట్టి పిలవాలి. అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే నోటితో ఊపిరి ఇవ్వాలి. వాడు సొమ్మసిల్లినట్టు నటించాడు. మెడ నా ముంజేతి మీద బరువుగా వాలింది. నటనే అని తెలిసినా, పేరు పిలుస్తుంటే నా గొంతు వణికింది. బాగానే తేలినా పైకి వచ్చాక అర నిమిషం కళ్ళు తిప్పకుండా చూడాలి, కొందరు గాలి పీల్చాక కూడా పడిపోతారు.

రికార్డుల గురించి ఓ కుర్రాడు అడిగాడు. ఫ్రాన్స్‌కు చెందిన స్టెఫాన్ మిఫ్సూద్ 2009లో 11 నిమిషాల 35 సెకన్లు బిగబట్టాడని చెప్పి, వెంటనే నటాలియా మోల్చనోవా సంగతి చెప్పారు. 2013లో 9 నిమిషాల 2 సెకన్లు పట్టిన ఆవిడ 2015లో స్పెయిన్ దగ్గర సముద్రంలో మునిగి మళ్ళీ పైకి రాలేదు. కుర్రాళ్ళు కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మావాడు చివరి ఆదివారానికి చాప మీద 2 నిమిషాల 10 సెకన్లకు వచ్చాడు. ఇంటికెళ్ళి తాతకు చెబితే, వల బాగుచేస్తున్న ఆయన తలెత్తకుండా ‘పక్కన ఎవులున్నార్రా?’ అని అడిగాడు.

లోపాలూ ఉన్నాయి. ఆరుగురికి ఒకే ఆక్సీమీటర్, మన వంతు వచ్చేసరికి చాలాసేపవుతుంది. బట్టలు మార్చుకునే గదికి గడియ సరిగ్గా పడదు, ఆడపిల్లలతో వెళ్ళేవారు గమనించండి. జాగ్రత్తల కార్డు ఒడియాలో, ఇంగ్లీషులోనే ఉంది. బరంపురంలో ఇంతమంది తెలుగువాళ్ళం ఉంటే ఇది బాధగా అనిపించింది. మావాడి కార్డు వెనక నేనే తెలుగులో రాసిచ్చాను. కోచ్ తెలుగు మాత్రం శుభ్రంగా మాట్లాడతారు.

నాలుగు ఆదివారాలకు 2,400 రూపాయలు. చేరేముందు మూర్ఛ, గుండె జబ్బు, బీపీ ఉన్నాయా అని అడుగుతారు, దాచకండి. ఒకావిణ్ణి డాక్టరు చీటీ తెమ్మని పంపేసి కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేశారు. బ్యాచ్‌కి ఆరుగురే కాబట్టి పేరు, నంబరు ఇక్కడ వేయొద్దన్నారు. ఈత కొట్టే పిల్లల్ని అడిగితే చెబుతారు. వీలైతే ఇంట్లోంచి ఒకరిని వెంట తీసుకెళ్ళండి. ఒంటరిగా వస్తే, జత దొరికేదాకా చాప మీదే కూర్చోబెడతారు.