ఎదుటివారి ఆటను మింగే కార్డులు

మాజిక్: ద గ్యాదరింగ్‌ను ఏళ్ల తరబడి ఆడుతున్నాను. ఇంత లోతున్న కార్డుల ఆట నాకు మరొకటి తెలియదు. అందుకే అందులోని చెడ్డ కార్డులు నన్ను అంతగా బాధిస్తాయి.

చెత్త కార్డు అనగానే చాలామంది 'వన్ విత్ నథింగ్' పేరు చెబుతారు. 2005 నాటి ఈ కార్డుకు ఒక నల్ల మానా (కార్డులు ఆడటానికి ఖర్చుపెట్టే శక్తి) చెల్లిస్తే మన చేతిలో ఉన్నవన్నీ మనమే పారేయాలి. నాకు ఆ కార్డు మీద కోపం లేదు. దానివల్ల ఎదుటివారికి నష్టం లేదు, పైగా దీన్ని ఎక్కడ వాడవచ్చా అని ఆలోచింపజేస్తుంది. 1996లో వచ్చిన 'లయన్స్ ఐ డైమండ్' కూడా చేతిలోని కార్డులన్నీ పారేయమనేదే. మొదట్లో దాన్ని పనికిరానిదిగా చూశారు. తర్వాత పాత కార్డుల పోటీల్లో అదే పదునైన ఆయుధమైంది.

నేను భరించలేనిది 'ఓకో, థీఫ్ ఆఫ్ క్రౌన్స్' లాంటి కార్డును. 2019 అక్టోబరులో వచ్చింది. మూడు మానాకే బల్ల మీదికి దిగి, ప్రతి వంతులోనూ ఏదో ఒక క్రీచర్‌నో (జీవి కార్డు) ఆర్టిఫ్యాక్ట్‌నో (వస్తువు కార్డు) 3/3 దుప్పిగా, అంటే దాడి బలం మూడు, తట్టుకునే బలం మూడు ఉన్న దుప్పిగా మార్చేస్తుంది. అలా మారిన కార్డు శక్తులన్నీ పోతాయి. ఇంత నష్టం చేసినందుకు ఓకో లాయల్టీ (బల్ల మీద దాని ప్రాణబలం) తగ్గాలి కదా? తగ్గదు, ఒకటి పెరుగుతుంది! అసలు లోపం అక్కడే ఉంది. అవతలి వ్యక్తి ఎంతో ఆలోచించి డెక్‌లో చేర్చుకున్న డ్రాగన్ అయినా, దేవత అయినా చివరికి అదే దుప్పి. మరుసటి నెలలోనే దాన్ని ఇటీవలి కార్డులతో ఆడే స్టాండర్డ్‌లో నిషేధించారు, ఆ తర్వాత పాత కార్డులకూ చోటుండే మోడర్న్, లెగసీల్లోనూ.

2024 జూన్‌లో వచ్చిన 'నాడు, వింగ్‌డ్ విజ్‌డమ్' మరో రకం హింస. మన క్రీచర్లలో దేన్ని లక్ష్యం చేసుకున్నా మన కట్టలోని పై కార్డు దొరుకుతుంది, అది ల్యాండ్ (మానా ఇచ్చే కార్డు) అయితే నేరుగా బల్ల మీదికే వస్తుంది. ఒక్కో క్రీచర్‌కు వంతుకు రెండుసార్లు. క్రీచర్లకు తగిలించే కార్డు 'షూకో'. తగిలించిన ప్రతిసారీ ఆ క్రీచర్ లక్ష్యమైనట్టే, పైగా ఖర్చే లేదు. అది తోడైతే ఆ వంతు ఎప్పటికి ముగుస్తుందో తెలియదు, గెలుపు ఖాయమని ముందే చెప్పడానికీ ఉండదు. ఎదుటి ఆటగాడు చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలి. ఆగస్టులో మోడర్న్‌లో నిషేధించారు. చివరి దశలో మార్చిన వాక్యాన్ని ఆడి పరీక్షించలేదని దాని రూపకర్తే బహిరంగంగా రాశారు. ఆ నిజాయితీని గౌరవిస్తాను. కానీ 2004లో 'స్కల్‌క్లాంప్' అనే కార్డు విషయంలోనూ ఇలాంటి ఆలస్యపు మార్పే కొంప ముంచింది. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అదే ఎందుకు జరగాలి?

1993 నాటి 'కేయాస్ ఆర్బ్' సంగతి వేరు. అడుగు ఎత్తు నుంచి కార్డును తిప్పి విసిరితే అది తాకిన కార్డులు నాశనమవుతాయి. సరదాగానే ఉంటుంది, కానీ చేయి వణికే మనిషికి ఆ కార్డు ఏం న్యాయం చేస్తుంది?

కమాండర్ అనే మరో ఆట విధానంలో నాడును కూడా 2024 సెప్టెంబరులో నిషేధించారు. ఓకోకు మాత్రం అక్కడ అనుమతి ఉంది. అయినా నా డెక్‌లో దానికి చోటివ్వను. నాతో ఆడేవారినీ ఆట మొదలుకాక ముందే దాన్ని పక్కన పెట్టమని అడుగుతాను.