పాత డాబాకు తెల్ల కోటింగ్: ఏది నిలిచింది, ఏది ఊడింది

2021 వేసవిలో తెనాలిలోని మా పాత డాబా మీద యాక్రిలిక్ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ మేమే వేసుకున్నాం. ఇలాంటి డబ్బాల మీద సమీక్షలు చాలావరకు వేసిన వారంలోనే రాస్తారు. అప్పుడు ఏ కోటింగైనా తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. మాది ఎండలు, వానలు, ఒక తుపాను కూడా చూసేసింది కాబట్టి ఇప్పుడు మాట్లాడొచ్చు. శ్లాబు కారడం ఆగింది. కానీ ఆ ఘనతలో డబ్బాకు సగం కూడా ఇవ్వను.

ఇల్లు 1984లో కట్టింది. వెనక గదులకు ఆర్‌సీసీ శ్లాబు, ముందు వసారాకు మంగుళూరు పెంకులు. శ్లాబు మీది సిమెంటు పూత ఎప్పుడో బీటలు వారింది. పిట్టగోడ మూలలో రావి మొక్క ఏటా పీకినా మళ్ళీ మొలిచేది. పెద్ద గదిలో ఫ్యాను పక్కనే చెమ్మ మరక ఉండేది, వాన పడితే అక్కడ స్విచ్ వెయ్యాలంటే టెన్షన్. ఒక కాంట్రాక్టరు వచ్చి తారు షీటు వేస్తానన్నాడు. పద్ధతిగా వేస్తే అది మంచిదే. కాకపోతే ఎండకు కాలిపోయే ఆ నల్ల షీటు మీద మిరపకాయలు ఎండబెట్టుకోలేం, వడియాలు పెట్టుకోలేం. పైన మళ్ళీ సిమెంటో టైల్సో పరవాలి. అప్పుడు ఖర్చు రెట్టింపు.

కింద మరక ఉన్న చోటే పైన చిల్లు ఉంటుందని అనుకోకండి. శ్లాబులోకి దిగిన నీరు కడ్డీల వెంట, పగుళ్ళ వెంట పాకి ఇంకెక్కడో బయటపడుతుంది. మేం డాబాను భాగాలుగా చేసి, ఇసుక మూటలతో కట్టలు కట్టి, ఒక్కో భాగంలో నీళ్ళు నింపి చూశాం. పాత ఇంటి మీద ఇలా చేసేటప్పుడు రెండంగుళాలు దాటనివ్వకండి. రెండంగుళాల నీరంటేనే చదరపు మీటరుకు దాదాపు 50 కిలోల బరువు. ఫ్యాను పక్కన మరకకు మూలం ఎక్కడో తేలింది: గది అవతలి అంచున, పిట్టగోడ శ్లాబును కలిసే చోట. ఇంకో దారి తూము చుట్టూ ఉన్న సందు. అందరూ కంగారుపడే మధ్యలోని పెద్ద బీట నుంచి మాత్రం చుక్క కూడా దిగలేదు.

మాకు తెలిసిన తాపీ మేస్త్రి అది చూసి, “ముందు నీళ్ళు ఆగే చోటు సంగతి చూడండి సార్, డబ్బా తర్వాత కొందురుగాని” అన్నాడు. తూము వైపు వాటం లేదు. వాన వెలిసిన మర్నాడు కూడా మధ్యలో మడుగు మిగిలేది. నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉన్నా నీరు కదిలిపోతుంది, మాకు అదీ లేదు. ఆ పల్లం వరకు పాత పూత కొట్టేసి, సిమెంటు మోర్టార్‌లో ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటుకు పట్టు పెంచే, పాలలా ఉండే రబ్బరు ద్రవం) కలిపి కొత్త వాటం ఇచ్చాం. పిట్టగోడ కింద మూలను కూడా అదే మోర్టార్‌తో గుండ్రంగా తిప్పాం. సూటి మూలలో కోటింగ్ ముందుగా చిట్లుతుంది, గుండ్రటి మూలలో సాగుతుంది. ఈ ఒక్క పనే మొత్తం మరమ్మతులో మాకు ఎక్కువ పనికొచ్చింది.

శుభ్రం చెయ్యడం గురించి డబ్బా మీద ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. అసలు చాకిరీ అక్కడే. సుత్తి వెనక వైపుతో డాబా అంతా తట్టుకుంటూ పోతే గట్టి చోట కణకణ, డొల్ల చోట డబడబ వినిపిస్తుంది. డొల్ల అన్న చోటల్లా సుద్దముక్కతో గీత గీసి, ఊడదీసి, కొత్తగా పూయాలి. తరవాత తీగ బ్రష్‌తో పాచి గీకి, కడిగి, బాగా ఎండనివ్వాలి. బయటకు ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటే ఎండ ఎక్కగానే ఆ ఆవిరి కోటింగ్‌ను బుడగలా లేపుతుంది. మా ఎదురింటి డాబా మీద వానకు రెండు రోజుల ముందు హడావుడిగా వేసిన కోటింగ్ ఆ ఏడే అప్పడాల్లా లేచిపోయింది.

బీటల్ని V ఆకారంలో కాస్త వెడల్పు చేసి, క్రాక్ ఫిల్లర్ నింపి, పైన కోటింగ్ రాసి, అది తడిగా ఉండగానే ఫైబర్ మెష్ పట్టీ పరిచి, బ్రష్‌తో అదిమి మళ్ళీ కోటింగ్ రాశాం. మెష్ గళ్ళు పైకి కనిపించకూడదు. మూలల్లోనూ తూము చుట్టూనూ అంతే. తరవాత డాబా అంతటికీ నీళ్ళు కలిపిన పల్చటి కోటు ఒకటి, చిక్కటివి రెండు. ఒకటి అడ్డంగా లాగితే తరవాతిది నిలువుగా. పొద్దున్నే ఒకటి, సాయంత్రం ఒకటి వేశాం. మండుటెండలో బ్రష్ లాగుతుండగానే ఆరిపోయి గీతలు పడుతుంది. ఇంకో సంగతి, డబ్బా మీది కవరేజీ లెక్క నున్నటి ఉపరితలానికి. గరుకు డాబా దానికన్నా బాగా ఎక్కువ తాగుతుంది, ఒక డబ్బా అదనంగా లెక్క వేసుకోండి.

ఇక ఎలా నిలిచిందంటే: 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకూ గాలివాన బాగానే తగిలింది. పెద్ద గది పైకప్పు పొడిగానే ఉంది. బుడమేరు విజయవాడను ముంచిన 2024 సెప్టెంబరు వానల్లోనూ కారలేదు. మూలలు, మెష్ వేసిన బీటలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. ఊడింది తూము దగ్గర నీరు నిలిచే చోట. అక్కడ ఆకులు అడ్డం పడితే చాలు, రోజుల తరబడి నీరు నిలిచేది. ఇలాంటి యాక్రిలిక్ కోటింగులు నిలవ నీటిలో నానితే మెత్తబడతాయి. అక్కడ చేతి వెడల్పున పొరలు లేచాయి. నవారు మంచం కోళ్ళు ఈడ్చిన దారి కూడా గీతలుగా తెగింది. ఇంట్లో వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా మంచం ఈడుస్తూనే ఉన్నారు, కోళ్ళకు రబ్బరు బూట్లు తొడిగాక ఆ గొడవ తీరింది.

చల్లదనం సంగతి. తెల్ల డాబా ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. మొదటి రెండు వేసవుల్లో రాత్రి పడుకునే వేళకు గది వేడి తగ్గింది, మే నెలలో కూడా ఆ తేడా తెలిసింది. తరవాత దుమ్ము, పాచి పట్టి డాబా బూడిద రంగుకు మారింది, తేడా కూడా తగ్గింది. మార్చిలో ఒకసారి మెత్తటి బ్రష్‌తో కడిగితే కొంత తిరిగొస్తుంది. చల్లదనం ఒక్కటే కావాలంటే ఏటా సున్నం కొట్టుకోవచ్చు, ఖర్చు చాలా తక్కువ. అది వానను మాత్రం ఆపదు.

మేం ముట్టుకోని పని ఒకటుంది. వంటగది పైకప్పు లోపల పెచ్చులు ఊడి, ఎర్రగా తుప్పు పట్టిన కడ్డీ కనిపించింది. తుప్పు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే కాంక్రీటును బయటకు నెట్టేస్తుంది. పైన ఎన్ని కోట్లు వేసినా ఇది నయం కాదు, కింద పుట్టీ పూసి పెయింటు వేస్తే మరీ ప్రమాదం. మేస్త్రితోనే వదులు భాగం కొట్టించి, కడ్డీలు గీకించి, తుప్పు నిరోధక పూత వేయించి, పాలిమర్ మోర్టార్‌తో పూడ్పించాం. కడ్డీ సన్నబడి ఉంటే ఇంజనీరుకు చూపించకుండా ముందుకు వెళ్ళొద్దు.

పెంకుల వసారాకు వానతో పెద్దగా ఇబ్బంది లేదు, కోతులతోనే. గుంపు ఒకసారి గెంతిందంటే నాలుగు పెంకులు పగులుతాయి. కొత్త పెంకులు కొని తెస్తే పాత వాటి గాడిలో కూర్చోలేదు. ఒక ఫ్యాక్టరీ అచ్చుకు ఇంకో ఫ్యాక్టరీ అచ్చు కలవదు. పాత ఇళ్ళు పడగొట్టే చోట మన పెంకుకు జత దొరుకుతుంది, ఒక పెంకు చేత్తో పట్టుకెళ్ళి సరిపోల్చుకుని తెచ్చుకోవాలి. కొన్ని ఎక్కువే తెచ్చి దాచుకున్నాం. మధ్యలో ఒక గాజు పెంకు పెట్టాక వసారాలో పగలు లైటు వెయ్యడం లేదు.

డబ్బు విషయానికొస్తే, కాంట్రాక్టరు చెప్పిన దాంట్లో దాదాపు మూడో వంతుతో అయింది, మేస్త్రి కూలీ కలుపుకునే. కోటింగ్ కంపెనీ వాళ్ళ వారంటీ కాగితం ఎందుకూ కొరగాలేదు. పొరలు లేచిన చోటు ఫోటోలు పంపితే నీరు నిలిచిన చోట వారంటీ వర్తించదన్నారు. ఆ షరతు కాగితం వెనక చిన్న అక్షరాల్లో నిజంగానే ఉంది, కొనేముందు చదువుకోండి. వచ్చే వేసవిలో మళ్ళీ వేస్తాం, డాబా అంతా కాదు. తూము దగ్గర పొరలు గీకి వాటం ఇంకాస్త పెంచి, ఆ భాగానికి యాక్రిలిక్ బదులు సిమెంటులో కలిపే రెండు భాగాల పాలిమర్ కోటింగ్ వేద్దామని ఉంది. తూముకు ఆకులు అడ్డం పడకుండా ఇనుప జాలీ ఇప్పటికే బిగించేశాం.