పెద్ద కంపెనీలకు కాపలా పెట్టాలా, విడగొట్టాలా: ఏది మేలు?

కార్పొరేట్ కంపెనీల ఆధిపత్యం గురించి మాట వచ్చిన ప్రతిసారీ నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "వీటిని అదుపులో పెట్టడానికి గట్టి రెగ్యులేటర్ ఉంటే చాలదా? విడగొట్టడం దాకా ఎందుకు?" ఒకప్పుడు నేను కూడా చాలనే అనుకునేవాణ్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఈ వాదం పాతదే. 1912 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన ఇద్దరూ దీని మీద తలపడ్డారు. పెద్ద కంపెనీలు ఎలాగూ పుడతాయి, వాటిని చీల్చి లాభం లేదు, వాటి మీద బలమైన ప్రభుత్వ కమిషన్‌ను కూర్చోబెట్టాలి అన్నది థియోడర్ రూజ్‌వెల్ట్ వాదన. ఉడ్రో విల్సన్‌కు సలహాలిచ్చిన లాయర్ లూయీ బ్రాండైస్ మాత్రం అంత పెద్దగా పెరగడమే ప్రమాదమని, పోటీని కాపాడుకోవాలని చెప్పాడు. రెండు వైపులా ఉన్నది ఉదారవాదులే, రెండు వైపులా మాట్లాడింది మనిషి స్వేచ్ఛ గురించే. అయితే నాకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. రూజ్‌వెల్ట్ పార్టీ కార్యనిర్వాహక కమిటీని నడిపిన జార్జ్ పెర్కిన్స్ అంతకుముందు, పెద్ద పెద్ద కంపెనీలను కలిపి కట్టిన జె.పి. మోర్గాన్ బ్యాంకులో భాగస్వామి. అలాంటి మనిషికి కాపలా పద్ధతే ఎందుకు నచ్చిందో ఆలోచించాలి.

సమాధానం అంతకు ఇరవై ఏళ్ల ముందే ఒక ఉత్తరంలో ఉంది. రైల్వేల మీద అమెరికా తొలి ఫెడరల్ నియంత్రణ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్. 1887లో పుట్టింది. 1892లో ఒక రైల్వే కంపెనీ అధ్యక్షుడు దీన్ని రద్దు చేయించాలని ఆలోచిస్తుంటే, రైల్వేల తరఫు లాయర్ రిచర్డ్ ఓల్నీ వద్దని రాశాడు. ప్రభుత్వ పర్యవేక్షణ కావాలన్న జనం కోరిక దీంతో తీరుతుంది, పర్యవేక్షణ మాత్రం దాదాపు పేరుకే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ కమిషన్ రైల్వేల వైపే చూస్తుంది అన్నది ఆ ఉత్తరం సారాంశం. మరుసటి ఏడాది ఆయనే అమెరికా అటార్నీ జనరల్ అయ్యాడు. 1935లో లారీల రవాణాను కూడా అదే కమిషన్ కిందికి తెచ్చారు. దాంతో కొత్తగా లారీలు నడపాలంటే అనుమతి తప్పనిసరైంది, ఆ అనుమతికి అడ్డుపడే అవకాశం పాత సంస్థలకు దక్కింది. విమానాల్లోనూ ఇంతే. 1938 చట్టం కింద ఏర్పడిన సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు నలభై ఏళ్లపాటు దేశమంతా తిరిగే పెద్ద విమాన సంస్థల వరుసలోకి కొత్తవాళ్లెవరినీ రానివ్వలేదు. కంచే చేను మేసిందంటాం కదా, ఇక్కడ కంచె ఎక్కడ వేయాలో చెప్పింది మేసేవాళ్లే.

రెగ్యులేటర్లలో అందరూ లంచగొండులనో చేతగానివాళ్లనో నేను అనడం లేదు. నా ఉద్దేశంలో దీన్ని తేల్చేది నిజాయితీ కాదు, సమాచారం. కాపలాదారుకు తెలిసేదంతా చాలావరకు తాను కాపలా కాస్తున్నవాళ్లు చెబితేనే తెలుస్తుంది. బోయింగ్ 737 మ్యాక్స్ సంగతి చూడండి. విమానాలకు సర్టిఫికెట్ ఇచ్చే పనిలో చాలా భాగాన్ని అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ బోయింగ్ ఉద్యోగులకే అప్పగించింది. అంత సంక్లిష్టమైన యంత్రాన్ని పూర్తిగా పరీక్షించడానికి సరిపడా మనుషులు, నైపుణ్యం తన దగ్గర లేకపోవడం దానికొక కారణం. 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో రెండు విమానాలు కూలి 346 మంది చనిపోయారు. విమానం ముక్కును దానంతటదే కిందికి దించే సాఫ్ట్‌వేర్ ఎంత ప్రమాదకరమో నియంత్రణ సంస్థకు పూర్తిగా అర్థమయ్యేనాటికే ఆ ప్రాణాలు పోయాయి. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

సమాచారం తర్వాత చూడాల్సింది ఓపిక. రెగ్యులేటర్ ప్రతి రోజూ, ప్రతి ప్రభుత్వంలోనూ, ప్రతి బడ్జెట్‌లోనూ గెలుస్తూ ఉండాలి. కంపెనీ ఒక్కసారి గెలిచి ఆ సడలింపును నిలబెట్టుకుంటే చాలు. విడగొట్టేటప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది, ప్రజల పక్షం ఒక్కసారి గెలిస్తే మిగతా పని పోటీయే చేస్తుంది. బ్యాంకుల చట్టాల్లో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. డిపాజిట్లు తీసుకునే బ్యాంకు షేర్ల వ్యాపారం చేయకూడదని గీత గీసిన 1933 నాటి గ్లాస్-స్టీగల్ చట్టం 37 పేజీలు. రెండూ ఒకే చోట ఉండనిచ్చి, వాటి మీద నిఘా పెట్టాలని చూసిన 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం 848 పేజీలు. దాని కింద వచ్చిన నిబంధనలు ఇంకా వేల పేజీలు. అన్ని పేజీల్లో దారి వెతుక్కోగల లాయర్లు చిన్న బ్యాంకు దగ్గర ఉండరు, పెద్ద బ్యాంకు దగ్గర ఉంటారు.

టెలిఫోన్ చరిత్రలో రెండు పద్ధతులూ ఒకే కంపెనీ మీద కనిపిస్తాయి. ఏటీఅండ్‌టీ దశాబ్దాలపాటు ప్రభుత్వ పర్యవేక్షణలోనే గుత్తాధిపత్యం నడిపింది. మాట్లాడేది పక్కవాళ్లకు వినపడకుండా ఫోన్‌కు తగిలించుకునే ఒక చిన్న కప్పును వేరే కంపెనీ తయారుచేస్తే, తన సామాను కానిది ఫోన్‌కు తగిలించకూడదంది. 1955లో నియంత్రణ సంస్థ ఆ కప్పు ఫోన్ వ్యవస్థకు హాని అని కంపెనీతోనే గొంతు కలిపింది. మరుసటి ఏడాది కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 1984 జనవరి 1న ఆ కంపెనీ విడిపోయి స్థానిక సర్వీసు ఏడు ప్రాంతీయ కంపెనీల చేతికి వెళ్లింది. దూరపు కాల్స్‌లో పోటీ పెరిగింది, ధరలు దిగాయి.

విడగొట్టడం అన్నిటికీ మందు కాదు, అది కూడా చెప్పాలి. 1911లో చమురు గుత్త కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ 34 ముక్కలైతే, వాటన్నిటిలో వాటాలున్న రాక్‌ఫెల్లర్ ఇంకా ధనవంతుడయ్యాడు. మైక్రోసాఫ్ట్‌ను రెండుగా చేయమని 2000లో జడ్జి ఇచ్చిన తీర్పు 2001లో అప్పీల్‌లో నిలవలేదు. ఏటీఅండ్‌టీ ముక్కల్లో చాలావరకు తర్వాత మళ్లీ అతుక్కున్నాయి. ఇక కొన్ని చోట్ల ఈ పద్ధతి అసలు పనికే రాదు. మందుల కంపెనీని పది ముక్కలు చేస్తే పరీక్షించాల్సిన కంపెనీలు పది అవుతాయి, అంతే. 1960లో థాలిడోమైడ్ అనే నిద్రమందుకు అనుమతి ఇవ్వమని కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా, అమెరికా మందుల నియంత్రణ సంస్థలో కొత్తగా చేరిన ఫ్రాన్సిస్ కెల్సీ సరైన ఆధారాలు చూపించమని పట్టుబట్టింది. ఆ మందు వల్ల వేరే దేశాల్లో వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు, అమెరికా చాలావరకు తప్పించుకుంది. మందులు, కాలుష్యం, విమాన భద్రత లాంటి వాటికి కాపలా ఉండి తీరాలి. నా అభ్యంతరం అధికారాన్ని అదుపు చేసే పనిని కూడా కాపలాకే అప్పగించడం మీద.

ప్రభుత్వమే నడపడం, కంపెనీలు తమను తామే నియంత్రించుకోవడం అని ఇంకో రెండు మార్గాలున్నాయి. మొదటిది నీళ్లు, కరెంటు తీగల లాంటి చోట సరే. రెండోదానికి కంపెనీ మంచితనం తప్ప వేరే హామీ లేదు.

ప్రభుత్వమంటే భయపడే ఉదారవాదులకు నేను చెప్పేది ఒకటుంది. మహా కంపెనీని అదుపు చేయాలంటే మహా ప్రభుత్వం కావాలి, అప్పుడు పౌరుడి నెత్తిన రెండూ కూర్చుంటాయి. విడగొడితే కంపెనీ బలంతో పాటు దాన్ని కాయడానికి కావలసిన ప్రభుత్వ బలం కూడా తగ్గుతుంది. స్వేచ్ఛ కోరేవాళ్లు ముందు పట్టుకోవాల్సింది దీన్నే అని నా నమ్మకం.

ఎప్పుడు విడగొట్టాలన్నది కూడా ముఖ్యమే. ఫేస్‌బుక్ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు, 2014లో వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొంటామంటే ఎవరూ ఆపలేదు. 2019లో ప్రైవసీ ఉల్లంఘనలకు 500 కోట్ల డాలర్ల జరిమానా ఖాయమైందన్న వార్త వచ్చిన రోజు కంపెనీ షేరు పెరిగింది. ఆ కొనుగోళ్లను వెనక్కి తిప్పాలని 2020 డిసెంబర్‌లో ప్రభుత్వం కోర్టుకెక్కింది. 2025 నవంబర్‌లో కేసు ఓడిపోయింది. మార్కెట్ అప్పటికి మారిపోయిందని, కంపెనీకి ఇప్పుడు గుత్తాధిపత్యం ఉన్నట్టు రుజువు కాలేదని జడ్జి అన్నాడు. అందుకే నన్నడిగితే విలీనాలను మొదట్లోనే ఆపడం అన్నిటికన్నా మేలు, అది తప్పిపోతే విడగొట్టడం, అదీ కుదరని చోటే కాపలా.