టర్కీకి టికెట్ కొనేముందు అక్కడి సెలవుల పట్టిక చూడండి

టర్కీ ప్రయాణం అనుకోగానే అందరూ వాతావరణం చూస్తారు, విమానం ఛార్జీ చూస్తారు. ఆ దేశపు సెలవులు మాత్రం ఎవరూ చూడరు. తీరా దిగాక ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్ గేట్లు మూసి ఉంటాయి, బస్సుల్లో సీట్లుండవు, అంతల్యా హోటల్ వాళ్లు అయిదు రాత్రులకు తక్కువైతే గది ఇవ్వం అంటారు. అదే తేదీ తెలిసి వెళ్తే ఇవే సెలవులు యాత్రకు బలమవుతాయి.

ఏడాదికి మొత్తం పదిహేనున్నర రోజుల ప్రభుత్వ సెలవులు. వీటిలో రెండు జాతులున్నాయి. తేదీ మారనివి: జనవరి 1, ఏప్రిల్ 23, మే 1, మే 19, జులై 15, ఆగస్టు 30, అక్టోబర్ 29 (దీనికి ముందురోజు మధ్యాహ్నం నుంచే సెలవు). ఈ రోజుల్లో బ్యాంకులు, ఆఫీసులు మూస్తారు కానీ హోటళ్లు, రెస్టారెంట్లు, చాలావరకు దుకాణాలు నడుస్తూనే ఉంటాయి. రెండో జాతి మతపరమైన పండుగలు: రమజాన్ బయ్‌రామ్, అంటే మన రంజాన్ పండుగ, మూడు రోజులు; కుర్బాన్ బయ్‌రామ్, అంటే మన బక్రీద్, నాలుగు రోజులు. రెండింటికీ ముందు రోజును అరిఫె అంటారు, ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఫీసులు కట్టేస్తారు. ప్రయాణాలను తలకిందులు చేసేవి ఈ రెండే.

హైదరాబాద్‌లో నెలవంక కనబడితేగానీ పండుగ ఎప్పుడో తేలదు. టర్కీలో అలా కాదు. అక్కడి మత వ్యవహారాల శాఖ ఖగోళ లెక్కలు వేసి తేదీలు ఏళ్ల ముందే ప్రకటిస్తుంది. అందుకని మన దగ్గరి కంటే ఒకరోజు ముందే పండుగ రావడం మామూలు. 2026లో రమజాన్ బయ్‌రామ్ మార్చి 20 నుంచి 22, కుర్బాన్ మే 27 నుంచి 30. 2027లో మార్చి 9 నుంచి 11, మే 16 నుంచి 19. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పండుగ వారం మధ్యలో పడితే ప్రభుత్వం మిగిలిన పనిదినాలకు కూడా ఉద్యోగులకు సెలవిచ్చి రెండు శని ఆదివారాలతో కలిపి తొమ్మిది రోజులు చేసే అలవాటుంది. ఆ ప్రకటన ఆలస్యంగా వస్తుంది. వచ్చిన గంటల్లోనే రైలు, విమాన టికెట్లు ఎగిరిపోతాయి. 2027 మే పండుగ ఆదివారం మొదలై బుధవారం ముగుస్తుంది కాబట్టి, గురు శుక్రవారాలు కలిపితే మే 15 నుంచి 23 దాకా తొమ్మిది రోజులు. ప్రకటన కోసం ఎదురుచూడకుండా అదే ఖాయమనుకుని బుక్ చేసుకోవడం మేలు.

బయ్‌రామ్ రోజుల్లో ఎక్కడ ఉండాలి? ఇస్తాంబుల్‌లోనే. వినడానికి వింతగా ఉన్నా అదే నిజం. నగరంలో ఉన్నవాళ్లు సొంతూళ్లకో సముద్ర తీరానికో పోతారు, రోడ్లు ఖాళీ అవుతాయి. నగరపాలక బస్సులు, మెట్రో, ట్రాములు, సిటీ ఫెర్రీలు మతపరమైన పండుగ రోజుల్లో సాధారణంగా ఉచితం. అయితే విమానాశ్రయం షటిల్ బస్సుకు డబ్బు కట్టాల్సిందే. గ్రాండ్ బజార్ మాత్రం పండుగ అన్ని రోజులూ మూసే ఉంటుంది (మామూలుగా ఆదివారాలు, అక్టోబర్ 29న కూడా). షాపింగ్ కోసమే వెళ్లేవాళ్లు ఆ వారం వదిలేయాలి. తోప్‌కాపి ప్యాలెస్ మంగళవారాలు సెలవు, దానితోపాటు పండుగ మొదటి రోజు పొద్దున పూట కూడా మూసి ఉండటం రివాజు, మధ్యాహ్నానికి తెరుస్తారు. మొదటి రోజు ఉదయం నమాజు అయ్యేదాకా పెద్ద మసీదుల్లోకి పర్యాటకులను పంపరు. అయా సోఫియాలో 2024 జనవరి నుంచి విదేశీ పర్యాటకులు పైఅంతస్తు గ్యాలరీకి మాత్రమే వెళ్లాలి, టికెట్ 25 యూరోలు. నమాజు చేసే కింది హాలు వేరు.

డబ్బు మార్చుకునే పని అరిఫె ఉదయమే ముగించాలి. తర్వాత మంచి రేటిచ్చే బజారు దుకాణాలన్నీ మూతపడి, పర్యాటక వీధుల్లోని తక్కువ రేటు కౌంటర్లే మిగులుతాయి. ఉద్యోగులు, కూలీలు తినే చవక భోజనశాలలు, ఎస్‌నాఫ్ లోకంతా అంటారు, వంటవాళ్లు ఊళ్లకు పోవడంతో అన్ని రోజులూ మూసేస్తారు. మందుల షాపులు వంతులవారీగా తెరిచి ఉంటాయి. మూసిన ప్రతి షాపు తలుపు మీద ఆ రోజు డ్యూటీలో ఉన్న దుకాణం పేరు, అడ్రసు అంటించి ఉంటాయి. 'నోబెత్చి ఎజానె' అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

తీర ప్రాంతం సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. బోద్రుమ్, చెష్మె, ఫెతియె, అంతల్యా హోటళ్ల ధరలు ఆ వారం ఒక్కసారిగా పైకెళ్తాయి, కనీసం ఇన్ని రాత్రులు ఉండాలన్న షరతు పెడతారు. బెలూన్ విహారానికి పేరుపడ్డ కప్పడోకియాలోనూ అంతే. పైగా అక్కడ బెలూన్లు ఎగరాలా వద్దా అన్నది ప్రతి ఉదయం గాలిని బట్టి పౌర విమానయాన అధికారులు నిర్ణయిస్తారు. రద్దయితే మర్నాటికి మారుద్దామంటే పండుగ వారంలో ఖాళీ సీటుండదు. అంత ధర పెట్టి అంత అనిశ్చితి కొనుక్కోవడం నా లెక్కలో దండగ.

దూరపు బస్సుల్లో పండుగకి 'ఎక్ సెఫెర్' పేరుతో అదనపు సర్వీసులు నడుపుతారు. వీటికి తరచుగా బయటి నుంచి తెచ్చిన పాత బస్సులు వాడతారు, రెగ్యులర్ సర్వీసులో ఉండే సదుపాయాలు ఆశించొద్దు. టికెట్ కొనేటప్పుడు స్త్రీనా పురుషుడా అని అడుగుతారు. విడివిడిగా ప్రయాణించే స్త్రీ పురుషులకు పక్కపక్క సీట్లు ఇవ్వరు కాబట్టి భార్యాభర్తలు రెండు టికెట్లూ ఒకే బుకింగులో తీసుకోవాలి. కారు అద్దెకు తీసుకుంటే పండుగ రోజుల్లో ప్రభుత్వ రహదారులు, బోస్ఫొరస్ జలసంధి మీద రెండు పాత వంతెనలు ఉచితం చేస్తారు. ప్రైవేటు సంస్థలు కట్టి నడుపుతున్న ఉస్మాన్‌గాజీ, యావుజ్ సుల్తాన్ సెలిమ్ వంతెనలు, యురేషియా సొరంగం ఆ మినహాయింపులోకి రావు. ఆ టోల్ తర్వాత అద్దె కంపెనీ మీ కార్డు మీద వేస్తుంది.

రమజాన్ నెలలో వెళ్లడం మాత్రం ఏమాత్రం నష్టం కాదు. ఇస్తాంబుల్‌లో పగలు రెస్టారెంట్లు తెరిచే ఉంటాయి. కొన్యా, ఎర్జురుమ్ లాంటి సంప్రదాయ నగరాల్లో పగటి తిండి దొరకడం కష్టం. పెద్ద మసీదుల మినార్ల మధ్య దీపాలతో అక్షరాలు కట్టే 'మహ్యా', ఆ నెలలోనే కాల్చే రమజాన్ పిదె రొట్టె, పాలతో చేసే గుల్లాచ్ మిఠాయి ఇంకెప్పుడూ ఇంత బాగుండవు. ఇఫ్తార్ వేళ సుల్తానహ్‌మెత్ చౌక్‌లో టేబుల్ కావాలంటే ముందే చెప్పి పెట్టుకోవాలి. తెల్లవారుజామున సహర్‌కి లేపడానికి డప్పుల వాళ్లు వీధుల్లో తిరుగుతారు. నిద్ర తేలిగ్గా చెడేవాళ్లు వీధివైపు కాకుండా లోపలివైపు గది అడగండి.

జాతీయ దినాల్లో మొదట తప్పించుకోవాల్సింది మే 1. ఇస్తాంబుల్‌లో తక్సీమ్ చౌక్‌ని బారికేడ్లతో దిగ్బంధిస్తారు, తక్సీమ్, షిష్‌హానె మెట్రో స్టేషన్లు మూస్తారు, చుట్టుపక్కల రోడ్లు కూడా. 1977 మే డే నాడు అక్కడ కాల్పులు, తొక్కిసలాట జరిగి పదుల మంది చనిపోయారు. అప్పటి నుంచి ఆ చౌక్ కార్మిక సంఘాలకూ ప్రభుత్వానికీ మధ్య పంతం అయిపోయింది. ఆ రోజు ల్యాండయ్యేవాళ్లు తక్సీమ్ ఉన్న బెయోగ్లులో గది తీసుకుంటే సూట్‌కేసు లాక్కుంటూ నడవాల్సి వస్తుంది. సుల్తానహ్‌మెత్‌లో దిగడం తెలివైన పని.

కావాలని వెళ్లాల్సింది అక్టోబర్ 29. 1923లో గణతంత్రం ప్రకటించిన రోజు. అంకారాలో గణతంత్ర స్థాపకుడు అతాతుర్క్ సమాధి అనిత్‌కబిర్ వద్ద ఉదయం అధికారిక కార్యక్రమం ఉంటుంది, అది ముగిశాక జనాన్ని వదులుతారు. ప్రవేశం ఉచితం, దగ్గరి స్టేషన్ అంకారాయ్ లైన్‌లో అనదోలు. ఇస్తాంబుల్‌లో అయితే సాయంత్రం ఆసియా వైపు బగ్దాత్ వీధిలో జెండాలతో సాగే ఊరేగింపు చూడాలి. బోస్ఫొరస్ మీద బాణసంచా కోసం ఒర్తాకోయ్ ఒడ్డున నిలబడితే దృశ్యం బాగుంటుంది గానీ అయ్యాక రోడ్డు గంటలకొద్దీ కదలదు. ఉస్కుదార్ ఒడ్డున నిలబడితే మర్మారాయ్ రైలెక్కి బయటపడొచ్చు. వాతావరణం కూడా అప్పుడు చల్లగా నడవడానికి అనువుగా ఉంటుంది. టర్కీకి ఒక్కసారే వెళ్లేవాళ్లకు నా సలహా ఆ వారమే.

ఏప్రిల్ 23, 1920లో అంకారాలో జాతీయసభ మొదలైన రోజు, ఇప్పుడు పిల్లల పండుగ. పిల్లలతో వెళ్లే కుటుంబాలకు ఇంతకంటే మంచి రోజు లేదు. అదే నెలలో ఇస్తాంబుల్ ఎమిర్‌గాన్ పార్కులో తులిప్ పూలు కూడా ఉంటాయి. ఆగస్టు 30, జులై 15 పర్యాటకుడికి పెద్ద తేడా చేయవు.

అతాతుర్క్ వర్ధంతి అయిన నవంబర్ 10 సెలవు కాదు, కానీ ఆ ఉదయం 9 గంటల 5 నిమిషాలకు సైరన్లు మోగితే దేశమంతా నిలిచిపోతుంది. వంతెన మీద కార్లు ఆపి జనం దిగి నిలబడతారు. మీరూ ఆగాలి. 1938లో అతాతుర్క్ కన్నుమూసిన గది దోల్మాబాచె ప్యాలెస్‌లో ఉంది (సోమవారాలు సెలవు). హైదరాబాద్ వాళ్లకి ఈ ప్యాలెస్‌తో ఇంకో బంధం ఉంది. చివరి ఖలీఫా అబ్దుల్ మెజీద్‌ని 1924 మార్చిలో ఇక్కడి నుంచే దేశం దాటించారు. ఆయన కూతురు దుర్రుషెహ్వార్ 1931లో నిజాం పెద్దకొడుకు ఆజమ్ జాని పెళ్లాడి హైదరాబాద్ కోడలైంది. ఖలీఫా గ్రంథాలయం ఇంకా లోపల ఉంది, అడావుడిగా దాటిపోకండి.

డిసెంబర్ 7 నుంచి 17 వరకు కొన్యాలో మౌలానా రూమీ వర్ధంతి ఉత్సవాలు. 1273 డిసెంబర్ 17న ఆయన మరణించారు, ఆ రాత్రిని షెబ్-ఇ అరూస్ అంటారు. సూఫీ దర్వేషులు గిరగిరా తిరిగే సెమా ఈ రాత్రుల్లో జరుగుతుంది. 17వ తేదీ ప్రదర్శనకు ప్రముఖులు వస్తారు, టికెట్లు అన్నిటికన్నా ముందు అయిపోతాయి, భద్రతా తనిఖీకే చాలా సమయం పడుతుంది. మధ్య తేదీల్లో ఏదో ఒక రాత్రి తీసుకోండి, ఆచారంలో తేడా ఏమీ ఉండదు. అంకారా నుంచి హైస్పీడ్ రైలు గంటా నలభై అయిదు నిమిషాలు, ఇస్తాంబుల్ నుంచి అయిదు గంటల దరిదాపు. హోటల్ కంటే ముందు రైలు సీటు ఖాయం చేసుకోవాలి. కొన్యాలో గది దొరక్కపోతే అంకారాలో ఉండి పగలు వెళ్లిరావచ్చనుకుంటారు కానీ ప్రదర్శన ముగిసేసరికి చివరి రైలు వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

సెమా సంగీత కచేరీ కాదు, ఆరాధన. ప్రవక్తను స్తుతించే నాత్ పాడతారు, నేయ్ వేణువు మోగుతుంది, దర్వేషులు మూడుసార్లు వలయంగా నడుస్తారు, తర్వాత సెలామ్‌లు అనే నాలుగు విడతలుగా తిరుగుతారు, చివర ఖురాన్ పఠనం. మధ్యలో చప్పట్లు కొట్టకూడదు, ఫ్లాష్ వాడకూడదు. డిసెంబర్‌లో వీలుకాని వాళ్లకి ఈ ఉత్సవాలు జరిగే మెవ్లానా సాంస్కృతిక కేంద్రంలోనే శనివారం సాయంత్రాలు సెమా ఉంటుంది. గుంపు తక్కువ, నా మటుకు అదే బాగుంది. కొన్యా వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబర్ రాత్రులు సున్నా కిందకి దిగుతాయి.

వేసవిలో ఎదిర్నె పట్టణపు కిర్క్‌పినార్ నూనె కుస్తీలు, జూన్ చివర లేదా జులై మొదట్లో. శుక్రవారం నుంచి ఆదివారం వరకు సరాయిచి మైదానంలో తోలు లాగులు కట్టి, ఒంటికి ఆలివ్ నూనె పట్టించుకున్న మల్లులు తలపడతారు. వీపు నేలకి తగిలితే ఓటమి. వరసగా మూడేళ్లు ప్రధాన మల్లుడిగా గెలిస్తే బంగారు బెల్టు సొంతం. మొదటి రోజు చిన్నపిల్లల నుంచి అన్ని వర్గాల కుస్తీలూ ఒకేసారి జరుగుతాయి, అర్థం కాదు గానీ సందడి ఎక్కువ. ఆట అర్థం చేసుకోవాలంటే ఆదివారం. నీడ ఉన్న స్టాండ్ టికెట్టే కొనండి, ఎండ మామూలుగా ఉండదు. ఊళ్లో హోటళ్లు తక్కువ, నెలల ముందే నిండుతాయి. ఇస్తాంబుల్ నుంచి 240 కిలోమీటర్లు, బస్సులో రెండున్నర మూడు గంటలు కాబట్టి ఒకరోజు ప్రయాణం సాధ్యమే, అయితే ఆదివారం రాత్రి తిరుగు టికెట్ వెళ్లేటప్పుడే కొనుక్కోవాలి. అదే మైదానం దగ్గర మే 5 రాత్రి రోమానీల వసంత పండుగ కకావాకి మంటలు వేస్తారు, 6 తెల్లవారుజామున తుంజా నది ఒడ్డుకు వెళ్తారు. టికెట్ లేదు, సంగీతం అద్భుతం, జేబుదొంగల సంగతి చూసుకోవాలి.

ఎదిర్నెలో అందరూ లివర్ వేపుడు తింటారు. శాకాహారులకు చీజ్ పిదె, కూరిన పల్చటి రొట్టె గోజ్‌లెమె, ఆలివ్ నూనెలో వండిన కూరలు, గోధుమ నూక బుల్గుర్‌తో చేసే చీ కోఫ్తె దొరుకుతాయి. 'పచ్చి కోఫ్తా' అనే అర్థమున్న ఆ పేరు చూసి జంకకండి, వీధి దుకాణాల్లో అమ్మేదాంట్లో మాంసం ఉండదు. ఎర్రపప్పు సూప్‌తోనే జాగ్రత్త, మాంసపు రసంతో చేసి ఉండొచ్చు. 'ఎత్ సుయు వర్ మ?' అని అడగండి.

మిగిలినవి దారిలో ఉంటేనే. జనవరిలో సెల్చుక్ ఒంటెల కుస్తీ పక్కనే ఉన్న ఎఫెసస్ శిథిలాలు చూసేవాళ్లకి బోనస్. మనీసాలో సుల్తాన్ మసీదు పైనుంచి 41 దినుసులతో చేసిన మెసిర్ లేహ్యం పొట్లాలు విసిరే పండుగ వసంతంలో వస్తుంది, తోపులాటలో పిల్లల్ని ఎత్తుకోకండి. అంతల్యాకు నలభై కిలోమీటర్లకు పైగా దూరంలోని అస్పెందోస్ రోమన్ రంగస్థలంలో ఒపెరా, బ్యాలె ఉత్సవం జరుగుతుంది. రాతి మెట్ల మీద మూడు గంటలు కూర్చోవాలంటే చిన్న దిండు తప్పనిసరి. ఆట అయ్యేసరికి అర్ధరాత్రి దగ్గరపడుతుంది, అప్పుడు మినీబస్సు కోసం చూస్తే దొరకదు. టికెట్‌తోపాటే రానూపోనూ వాహనం మాట్లాడుకోండి.